బండికి పికప్ తగ్గినప్పుడు: ముందు పరీక్ష, తరువాత ఖర్చు

(రైతు శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



పైరును గురించి చెప్పవలసినవాడు మోటారు బండిని గురించి మాట్లాడుచున్నాడేమి అని మీలో కొందరికి ఆశ్చర్యము కలుగవచ్చును. దానికి కారణము ఉన్నది. నేడు మన పల్లెలలో అనేక ఇండ్ల ముందు ఒక పాత కారు కనబడుచున్నది. పట్నము వారు పది, పదిహేనేండ్లు వాడి అమ్మిన బండి మన చేతికి వచ్చును. విత్తనాల సంచి ఆ బండిలోనే వచ్చును. కూరగాయల గంపలు ఆ బండిలోనే సంతకు పోవును. అర్ధరాత్రి నొప్పులు వచ్చిన ఆడబిడ్డను ఆసుపత్రికి చేర్చునది కూడా అదే. అటువంటి బండి “లాగడం లేదు, పికప్ పోయింది” అన్నప్పుడు ఏమి చేయవలెనో ఈ పూట మీకు చెప్పదలచినాను.

నేను మెకానిక్కును కాను. సేద్యశాస్త్రము చెప్పువాడను. అయినను పైరు జబ్బును కనిపెట్టుటకు ఏ పద్ధతి అవసరమో, బండి జబ్బును కనిపెట్టుటకు కూడా ఆ పద్ధతే అవసరము. ఈ సంగతి నేను పుస్తకములో చదివి నేర్చుకొనలేదు. డబ్బు పోగొట్టుకొని నేర్చుకొన్నాను.

మా నాన్నగారు వాడిన 1997 నాటి మారుతి 800 నా దగ్గర ఉన్నది. మూడు సిలిండర్లు, 796 ఘన సెంటీమీటర్ల కార్బురేటరు ఇంజను. ఈ రకము కార్లు మన దేశములో 1983 డిసెంబరు నుండి 2014 జనవరి వరకు తయారైనవి. ఇప్పుడు కొత్తవి రాకపోయినను పాతవి ఇంకను మన ఊళ్లలో తిరుగుచునే ఉన్నవి. ఒక ఏడాది వానకాలమంతా నేను ఆ బండిని మా ఊరి పాకలో ఉంచినాను. కార్తికము వచ్చిన తరువాత బయటికి తీసినాను. స్టార్టు అయినది, కదిలినది, కాని మునుపటి చురుకు లేదు. పాత బండి కదా, ఇంతే కాబోలు అనుకొన్నాను.

ఒకనాడు అమ్మను కూర్చోబెట్టుకొని పట్నము పోవుచున్నాను. ముందు చెరకు ట్రాక్టరు నెమ్మదిగా పోవుచున్నది. ఎదుట దూరముగా ఒక లారీ కనబడినది. ఇంకను చాలా దూరము ఉన్నది గదా అని మూడవ గేరు వేసి ట్రాక్టరును దాటబోయినాను. ఏక్సిలరేటరు అడుగంట నొక్కినాను. ఇంజను మూలిగినది గాని బండి ముందుకు పోలేదు. ట్రాక్టరు పక్కనే, దాని వేగముతోనే పోవుచున్నాను. లారీ దగ్గరకు వచ్చినది. ఆ ట్రాక్టరు డ్రైవరు సంగతి గ్రహించి బ్రేకు వేసి పక్కకు దింపినాడు. అందువలన బతికినాము. అమ్మ ఇంటికి చేరువరకు ఒక్క మాట మాట్లాడలేదు.

అందుచేత మొట్టమొదట ఒక హెచ్చరిక. పికప్ తగ్గిన బండి కేవలము సోమరి బండి కాదు, ప్రమాదకరమైన బండి. కారణము తెలిసి, బాగుపడువరకు ఇతర బండ్లను దాటవద్దు. పెద్ద రోడ్డు మీదికి అడ్డముగా ఎక్కునప్పుడు మామూలు కంటె రెట్టింపు ఎడము చూచుకొనండి.

మరునాడే బండిని ఒక షెడ్డుకు తీసుకొనిపోయినాను. ప్లగ్గులు మార్చినారు. తగ్గలేదు. వారము తరువాత కార్బురేటరు విప్పి కడిగి కొత్త కిట్టు వేసినారు. తగ్గలేదు. మూడవసారి “ఇంజను అరిగిపోయింది సార్, బోరు చేయించాలి” అని చెప్పి పాతికవేలు అడిగినారు. అప్పటికే ఏడువేలు ఖర్చైనవి.

ఇక్కడ నన్ను నేను నిందించుకొనవలెను. వరి ఆకు పసుపు పచ్చబడగానే యూరియా బస్తా ఎత్తవద్దని తరగతిలో ఏటేటా చెప్పువాడను నేనే. కింది ముదురాకులు పసుపైతే నత్రజని లోపము కావచ్చును. పై లేతాకులు తెల్లబడితే ఇనుము లోపము కావచ్చును. నాటిన రెండు నుండి నాలుగు వారాలలో ముదురాకులపై తుప్పు రంగు మచ్చలు వచ్చిన జింకు లోపము కావచ్చును. మురుగు నీరు పోక వేళ్లు కుళ్లినను ఆకు పసుపగును. రంగు ఒక్కటే, కారణములు అనేకము. లక్షణమును చూచి మందు వేయరాదు, కారణమును చూచి వేయవలెను. ఈ మాట చెప్పు నేనే, బండి దగ్గరకు వచ్చుసరికి “పికప్ లేదు” అను ఒక్క లక్షణమునకు వరుసగా మూడు మందులు వేయించితిని.

మూడు ప్రశ్నలు

బండి లాగకపోవుటకు కారణములు చాలా ఉన్నను అవన్నియు మూడు ప్రశ్నల కింద ఇమిడిపోవును.

ఒకటి: శక్తి పుట్టుచున్నదా? అనగా ఇంజను తన పని తాను చేయుచున్నదా?

రెండు: పుట్టిన శక్తి చక్రమునకు చేరుచున్నదా?

మూడు: చేరిన శక్తిని ఏదైనా పట్టి ఆపుచున్నదా?

బోరులో నీరు లేకపోవుట ఒకటి, గొట్టము పగిలి నీరు మధ్యలో పోవుట ఒకటి, మడవకు గండి సరిగా తెరవకపోవుట ఇంకొకటి. మూడింటికిని చివరకు కనబడునది పొలము ఎండుటే. గొట్టము పగిలినప్పుడు బోరును లోతు చేయించినవానిని మనము ఏమందుము? చాలామంది, నేను కూడా, మొదటి ప్రశ్నను మాత్రమే పట్టుకొందుము. కాని మూడవ ప్రశ్నకు, రెండవ ప్రశ్నకు జవాబు తెలిసికొనుట సులభము. పైసా ఖర్చు లేదు. కనుక పరీక్షను వెనుకనుండి మొదలు పెట్టవలెను.

పరీక్షకు ముందు ఒక కాగితము మీద ఈ సంగతులు వ్రాసికొనండి. లోపము ఒక్కరోజున వచ్చినదా, నెలల తరబడి మెల్లగా వచ్చినదా? చల్లని ఇంజనుకా, వేడెక్కిన తరువాతనా? అన్ని గేర్లలోనా, ఎత్తు ఎక్కునప్పుడు మాత్రమేనా? లోపము కనబడుటకు ముందు ఏమి జరిగినది: కొత్తచోట పెట్రోలు పోయించితిమా, బండి చాలాకాలము కదలక ఉన్నదా, ఏదైనా మరమ్మతు జరిగినదా? ఒక్కరోజులో వచ్చిన లోపము ఊడినదో, తెగినదో, మూసుకొన్నదో అయి ఉండును. మెల్లగా వచ్చినది అరుగుదలయో, మడ్డి పేరుకొనుటయో అయి ఉండును.

ఇంకొక మాట. బరువును మరువవద్దు. మారుతి 800 వంటి బండి బరువు సుమారు 650 కిలోలు. ఐదుగురు పెద్దలు ఎక్కిన 300 కిలోలు దాటును. వెనుక రెండు ధాన్యపు బస్తాలు వేసినచో ఇంకొక 150 కిలోలు. 40 అశ్వశక్తికి లోబడిన ఇంజను అంత బరువుతో చురుకుగా పోలేదు. అది జబ్బు కాదు. బండిలో ఒక్కరే ఉన్నప్పుడు కూడా లాగనిచో మాత్రమే జబ్బు.

పట్టి ఆపునది ఏది?

బోరు చేయింతునా మానుదునా అని ఊగిసలాడుచు ఒక ఆదివారము ఊరికి పోయినాను. మా వీధిలో ముప్పైయేండ్లు ట్రాక్టరు, లారీ నడిపిన పెద్దాయన ఉన్నారు. నేను ఆయనను బాబాయ్ అని పిలుతును. ఖర్చు సంగతి, బోరు సంగతి చెప్పినాను. ఆయన బండి చుట్టు ఒకసారి తిరిగి, “బాబూ, ఇంజను సంగతి తరవాత. ఎప్పుడైనా చేత్తో తోసి చూశావా?” అని అడిగినారు.

లేదు. మూడు నెలలలో ఒక్కసారి కూడా తోసి చూడలేదు.

గేరు తీసి, హేండు బ్రేకు దించి, సిమెంటు కళ్లము మీద ఇద్దరము తోసినాము. బండి ఎడ్లబండి ఇరుసు ఎండినట్లు మొండికెత్తినది. నాలుగు కిలోమీటర్లు నడిపి వచ్చి చూడగా వెనుక చక్రముల డ్రమ్ములు రెండును పొయ్యిమీది పెనము వలె సెగ కొట్టుచున్నవి. సంగతి ఏమనగా, వానకాలమంతా హేండు బ్రేకు లాగి ఉంచి బండిని పాకలో వదిలితిని. తేమకు లోపలి తీగ తుప్పుపట్టి బిగుసుకొన్నది. పైన పిడి దిగినను లోపల తీగ వెనుకకు రాలేదు. నాలుగు నెలలు సగము బ్రేకుతోనే నడిపితిని. ఇంజను పాపము తన శక్తికొలది లాగుచునే ఉన్నది. తీగ మార్చి, డ్రమ్ములు శుభ్రము చేయించుటకు వేయి రూపాయలు కూడ కాలేదు.

కావున మీ మొదటి పరీక్ష ఇది. సమమైన గట్టి నేలమీద, ఇంజను ఆపి, గేరు తీసి, హేండు బ్రేకు దించి, ఒక్కరు తోయండి. లోపల మరియొకరు బ్రేకు మీద కాలు పెట్టుటకు సిద్ధముగా కూర్చొనవలెను. చిన్న కారు ఒక్కని తోపునకు కదలవలెను, వదిలిన తరువాత కూడ కొంచెము దొర్లవలెను.

రెండవది, అయిదారు కిలోమీటర్లు నడిపి, చివర బ్రేకు ఎక్కువగా తొక్కకుండ ఆపి, నాలుగు చక్రముల దగ్గరకు చేయి పోనిచ్చి సెగ చూడండి. తాకవద్దు, చేయి కాలును. ఒక చక్రము మిగిలినవాటి కంటె మిక్కిలి వేడిగా ఉన్నచో అక్కడ బ్రేకు పట్టుచున్నది, లేక బేరింగు పాడైనది.

మూడవది, టైర్ల గాలి. గాలి తగ్గిన టైరు బురదలో నడిచిన ఎద్దు వంటిది. బండి తలుపు దగ్గరనో, పుస్తకములోనో వ్రాసిన లెక్క ప్రకారము, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి కొట్టించవలెను.

ఇంకొక సలహా. బండిని చాలాదినములు నిలుపవలసి వచ్చినప్పుడు సమమైన నేలమీద, గేరులో ఉంచి, చక్రములకు రాయి గాని చెక్క గాని అడ్డము పెట్టండి. హేండు బ్రేకు లాగి వదలవద్దు.

శక్తి చక్రమునకు చేరుచున్నదా?

బండి సులభముగా దొర్లినచో రెండవ ప్రశ్నకు రండి. ఇంజనుకు, గేరు పెట్టెకు నడుమ క్లచ్ ప్లేటు ఉండును. అది అరిగినచో జారును. గుర్తు సులభము. పై గేరులో ఏక్సిలరేటరు నొక్కగా ఇంజను రొద పెరుగును గాని బండి వేగము పెరుగదు. ఎత్తు ఎక్కునప్పుడు మాడిన వాసన కూడ రావచ్చును. నా బండికి రొద పెరుగలేదు. రొద పెరిగి వేగము పెరుగనిది క్లచ్ దోషము. రొదయే పెరుగనిది ఇంజను దోషము గాని, అడ్డు గాని. ఈ ఒక్క భేదము తెలిసినచో సగము పరీక్ష అయినట్లే.

రూఢి చేసికొనుటకు, ముందు వెనుక ఎవ్వరును లేని చోట, చక్రములకు అడ్డము పెట్టి, హేండు బ్రేకు గట్టిగా లాగి, ఇంజను నడుచుచుండగా మూడవ గేరు వేసి క్లచ్ మెల్లగా వదలండి. ఇంజను ఆగిపోవలెను. ఆగక తిరుగుచునే ఉన్నచో ప్లేటు జారుచున్నది. ఈ పరీక్ష ఒక్కసారి చాలును. పదేపదే చేసిన మంచి ప్లేటు కూడ మాడును. క్లచ్ పెడలు పైన కొంచెము వదులు ఉండవలెను. అది లేనిచో ముందు తీగను సరిచేయించి తరువాత ప్లేటు మాట ఎత్తండి.

శక్తి పుట్టుచున్నదా?

ఇప్పుడు ఇంజను. పందొమ్మిదవ శతాబ్దపు జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు లీబిగ్ ప్రచారములోనికి తెచ్చిన ఒక సూత్రము మీరు మా తరగతులలో వినియున్నారు. పైరు దిగుబడి అన్నిటికంటె తక్కువైన పోషకమును బట్టి ఉండును. జింకు లేనప్పుడు నత్రజని ఎంత గుమ్మరించినను పంట పెరుగదు. ఇంజనుకు కూడ అయిదు కావలెను: గాలి, పెట్రోలు, సమయానికి నిప్పురవ్వ, సిలిండరులో బిగువు, పొగ పోవుటకు దారి. ఏది తక్కువైనను మిగిలిన నాలుగు వృథా.

అన్నిటికంటె ముందు ఒక చిన్న పని. ఇంజను ఆపి, ఒకరు లోపల ఏక్సిలరేటరు అడుగంట నొక్కవలెను. ఇంకొకరు బానెట్టు కింద కార్బురేటరు దగ్గర ఆ మీట పూర్తిగా తిరుగుచున్నదా అని చూడవలెను. తీగ సాగినను, పెడలు కింద కాలిపట్టా మడతపడినను మీట సగమే తిరుగును. అటువంటి బండికి కొత్త ఇంజను వేసినను సగము బలమే. అట్లే, చేతితో లాగు చోక్ ఉన్న బండిలో చోక్ పూర్తిగా లోపలికి పోయినదా చూడండి.

గాలి: ఒక కిలో పెట్రోలు చక్కగా మండుటకు సుమారు 15 కిలోల గాలి కావలెను. లెక్క కట్టిన ఒక లీటరు పెట్రోలుకు సుమారు 9,000 లీటర్ల గాలి. అదంతయు ఒక కాగితపు ఫిల్టరు గుండా పోవలెను. నూర్పిళ్ల కాలములో కళ్లము పక్క నిలిపిన బండి ఫిల్టరు చూడండి, సంగతి తెలియును. ఫిల్టరును వెలుతురుకు ఎదురుగా పట్టి చూచినప్పుడు మడతల నడుమ వెలుగు కనబడవలెను. కనబడనిచో మార్చండి. కాగితపు ఫిల్టరును నీటితో కడుగరాదు. గడ్డివాము పక్క, ధాన్యపు పాకలో ఉన్న బండ్లలో ఎలుకలు ఫిల్టరు పెట్టెలో గూడు కట్టుట కూడ ఉన్నది. కొందరు పికప్ బాగుండునని ఫిల్టరు తీసివేసి నడుపుదురు. మన దుమ్ములో ఇసుక రేణువు ఉన్నది. అది సిలిండరును ఆకురాయి వలె అరగదీయును. ఆ పని ఎన్నడును చేయవద్దు.

పెట్రోలు: మెల్లగా పోవునప్పుడు బాగుండి, వేగము పెంచగానే, ఎత్తు ఎక్కగానే కుదుపులతో నీరసపడి, కాసేపు ఆపిన మరల కోలుకొను బండికి పెట్రోలు చాలక ఉండవచ్చును. కాలువ చివరి భూమికి తక్కువ పారుదలలో నీరు అందినట్లు కనబడి, అందరును తూములు ఎత్తగానే ఎండినట్లు ఇది. మొదట పెట్రోలు ఫిల్టరు మార్చి చూడండి. వెల స్వల్పము. నీరసపడినప్పుడు ఆపి టాంకు మూత తెరవండి. బుస్సుమని గాలి లోపలికి పోయి, తరువాత బండి బాగుగా నడచినచో మూతలోని గాలి రంధ్రము మూసుకొన్నది.

నొక్కిన తక్షణమే ఒక్క క్షణము తడబడి, తరువాత అందుకొను బండికి కార్బురేటరులోని చిన్న పంపు పనిచేయక ఉండవచ్చును. ఇంజను ఆపి, చల్లారిన తరువాత ఫిల్టరు తీసి, పై నుండి చూచుచు మీట తిప్పిన సన్నని పెట్రోలు ధార చిమ్మవలెను. ఈ పని చేయునప్పుడు దగ్గరలో చుట్ట, బీడీ, దీపము ఏదియు ఉండరాదు.

ఇథనాల్ మాట కూడ చెప్పవలెను. మన చెరకు, మొక్కజొన్న, నూకల నుండి తీసిన ఇథనాల్‌ను పెట్రోలులో కలుపుచున్నారు. 2025లో ఇది 20 శాతమునకు చేరినది. లీటరుకు చూచిన ఇథనాల్‌లోని వేడిశక్తి పెట్రోలులోని దానికి సుమారు మూడింట రెండు వంతులే. కావున మిశ్రమములో లీటరుకు ఆరేడు శాతము శక్తి తగ్గును. మైలేజి కొంత తగ్గుట దీనివలన కావచ్చును. కాని బండి ఎత్తు ఎక్కలేకపోవుట దీనివలన కాదు. దానికి వేరే కారణము వెదకవలెను. పాత బండ్లకు ఇథనాల్ వలన రాగల ఇబ్బందులు మూడు. టాంకులోని పాత మడ్డిని కదిలించి ఫిల్టరును నింపును. పాత రబ్బరు గొట్టములను ఉబ్బించి పగుల్చును. తేమను పీల్చుకొనును. నెలల తరబడి నిలిచిన బండిలోని పెట్రోలును కొంచెము సీసాలో పట్టి నిలకడగా ఉంచి చూడండి. అడుగున వేరే పొర కనబడినచో ఆ పెట్రోలును వాడవద్దు.

నిప్పురవ్వ: ప్లగ్గులు విప్పి రంగు చూడండి. లేత గోధుమ రంగు ఆరోగ్యము. పొడి నల్లమసి ఉన్నచో పెట్రోలు ఎక్కువై గాలి తక్కువైనది. నూనె తడి ఉన్నచో ఇంజను ఆయిలు లోపలికి వచ్చుచున్నది. తెల్లగా కాలి ఉన్నచో పెట్రోలు తక్కువైనది, లేక వేడి ఎక్కువైనది. ఒక్క సిలిండరు ప్లగ్గు మాత్రమే తేడాగా ఉన్నచో జబ్బు ఆ సిలిండరుదే. చీకటిలో ఇంజను నడుపుచు బానెట్టు ఎత్తి దూరమునుండి చూడండి. ప్లగ్గు వైర్ల మీద నీలి మెరుపులు కనబడినచో రవ్వ దారిలోనే పోవుచున్నది. చేయి పెట్టవద్దు, గట్టి షాకు కొట్టును.

రవ్వ ఉన్నంతమాత్రమున చాలదు, అదనుకు రావలెను. అదను తప్పిన విత్తనము వంటిదే ఆలస్యముగా వచ్చిన రవ్వ. బండి నీరసించును, వేడెక్కును, పెట్రోలు తాగును. మరీ ముందుగా వచ్చిన రవ్వ లోడు పడినప్పుడు టకటకమను శబ్దము చేయించును. టైమింగును లైటు పెట్టి చూచు మెకానిక్కు చేత సరిచేయించండి. డిస్ట్రిబ్యూటరుకు పోవు సన్నని రబ్బరు గొట్టము చిట్లినదేమో మీరే చూడవచ్చును.

పొగ దారి: సైలెన్సరు గొట్టము గట్టు తగిలి నొక్కుకొన్నను, లోపల మసి పేరుకొన్నను, ఇంజను ఊపిరి వదలలేదు. తరువాతి బండ్లలో పొగను శుద్ధిచేయు జల్లెడ వంటి భాగము ఉండును. అది కరిగి మూసుకొన్న బండి క్రమముగా కదలని స్థితికి వచ్చును. గొట్టము చివర పొగ తోపు బలహీనముగా ఉండుట ఒక గుర్తు. ఈ పరీక్షలు ఆరుబయటనే చేయండి. మూసిన పాకలో ఇంజను నడిపిన పొగలోని విషవాయువు వాసన లేకుండ ప్రాణము తీయును.

బిగువు: ఇది అన్నిటికంటె చివర. ఖర్చుతో కూడినది గనుక చివర చూడవలెను. మెకానిక్కు ప్లగ్గు తీసినచోట గేజి పెట్టి ప్రతి సిలిండరు బిగువు కొలుచును. తక్కువ ఉన్న సిలిండరులో చెంచాడు ఆయిలు వేసి మరల కొలువుమనండి. అంకె పెరిగినచో పిస్టన్ రింగులు అరిగినవి. పెరుగనిచో వాల్వులు సరిగా మూసుకొనుట లేదు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు తక్కువైనచో నడుమ గ్యాస్కెట్టు పోయి ఉండవచ్చును. ట్యాపెట్లు మరీ బిగించినను, టైమింగు బెల్టు ఒక్క పన్ను జారినను పికప్ పోవును. ఇవి బోరు చేయకుండనే బాగుపడును. ఈ అంకెలు కాగితము మీద చూపని వానికి ఇంజను విప్పుటకు అనుమతి ఇవ్వవద్దు. భూసార పరీక్ష లేకుండ ఎరువు సిఫారసు చేయు వానిని మీరు నమ్ముదురా?

ఇంజెక్షను బండి ఉన్నవారికి ఒక మాట. డాష్‌బోర్డు మీద ఇంజను గుర్తు వెలిగిన, యంత్రము పెట్టి కోడు చదివించండి. కాని ఆ కోడు వీధి పేరు మాత్రమే చెప్పును, ఇంటి నంబరు చెప్పదు. ఒక సెన్సారు పేరు వచ్చినదని వెంటనే దానిని కొనవద్దు. దాని వైరు, దానికి పోవు గాలి గొట్టము ముందు చూడవలెను. డీజిలు బండికి, ట్రాక్టరుకు ప్లగ్గుల మాట లేదు గాని గాలి ఫిల్టరు, డీజిలు ఫిల్టరు, అందులో చేరిన నీరు మొదట చూడవలసినవి.

కొలత పెట్టండి

మేము ప్రయోగ క్షేత్రములో కొత్త ఎరువును పరీక్షించునప్పుడు పక్కన ఎరువు వేయని మడి ఒకటి ఉంచుదుము. ఒకేసారి రెండు మార్పులు చేసి ఫలితమును ఒకదానికి అంటగట్టము. బండికి కూడ అంతే. రద్దీ లేని సమమైన రోడ్డు ఒకటి ఎంచుకొనండి. పై గేరులో గంటకు 40 కిలోమీటర్ల నుండి 60కి చేరుటకు ఎన్ని సెకండ్లు పట్టునో పక్కన కూర్చొన్నవారు లెక్కించవలెను. నడుపువాడు లెక్కించరాదు. ఒకే బరువుతో, పోవునప్పుడు, వచ్చునప్పుడు, మూడేసి సార్లు చూచి సగటు వ్రాయండి. తరువాత ఒక్క మార్పు చేయండి. మరల కొలవండి. తగ్గినదా లేదా కాగితమే చెప్పును. “కొంచెం మెరుగైనట్టుంది” అను మాట డబ్బు ఖర్చుపెట్టిన మనస్సు చెప్పు మాట. నేను ప్లగ్గులు మార్చిన రోజున అట్లే అనుకొన్నాను.

తీగ మార్చిన తరువాత నా బండి అదే రోడ్డు మీద, అదే బరువుతో, అంతకు ముందు పట్టిన కాలములో సగము కంటె కొంచెము ఎక్కువలో ఆ వేగము అందుకొన్నది. ఆ కాగితము నేటికిని బండి పెట్టెలో ఉన్నది.

సోదరులారా, చెప్పినదానిని మరల కుదించి చెప్పెదను. మొదట తోసి చూడండి. సెగ చూడండి. గాలి కొట్టించండి. తరువాత క్లచ్. తరువాత ఏక్సిలరేటరు తీగ, గాలి ఫిల్టరు, పెట్రోలు ఫిల్టరు, ప్లగ్గులు, టైమింగు, సైలెన్సరు. అన్నిటికిని చివర ఇంజను విప్పుట. ఖర్చులేని పరీక్ష ముందు, ఖర్చైనది వెనుక. ఒకసారికి ఒకే మార్పు. మంచి మెకానిక్కు మీ కాగితమును చూచి సంతోషించును. చూడనని విసుగుకొను వానిని మీరే వదలండి.

నాకు ఈ పాఠము చెప్పిన పెద్దాయన పాఠశాల మెట్టు ఎక్కలేదు. నేను పట్టాలు పుచ్చుకొన్నవాడను. అయినను ఆయన చేయి వేసి చూచినారు, నేను చూడలేదు. పొలమైనను బండియైనను, చేయి వేసి చూచిన తరువాతనే సంచి విప్పవలెను.